మాటకు వచ్చిన కరవు

ఆంధ్రప్రదేశ్ శాసనసభలో ప్రతిపక్షపు బల్లలు ఖాళీగా నుండుట చూచి ఆశ్చర్యపడువారు నేడు లేరు. 2017 అక్టోబరులో వై.ఎస్.ఆర్. కాంగ్రెసువారు, తమ పక్షమును వీడి పాలకపక్షమున జేరిన సభ్యులను అనర్హులుగా ప్రకటింపలేదను కారణమున, సభకు రామనిరి. 2019 ఎన్నికల వరకు రాలేదు. 2021 నవంబరు 19వ తేదీన తెలుగుదేశపు నాయకులు చంద్రబాబునాయుడుగారు, తమ కుటుంబమును గూర్చి సభలో హీనముగా మాటలాడిరని మనసు నొచ్చి, ముఖ్యమంత్రిగానే గాని ఆ సభలో తిరిగి అడుగుపెట్టనని ప్రతిన చేసి వెడలిపోయిరి. 2024 ఎన్నికలలో 175 స్థానములకు 11 మాత్రమే గెలిచిన వై.ఎస్.ఆర్. కాంగ్రెసువారు, ప్రతిపక్ష నాయకుని హోదా తమ నాయకునకు ఈయలేదని మరల చర్చలకు దూరమైరి. ఏడేండ్లలో ఇది మూడవమారు. పక్షములు తారుమారైనను ఖాళీ బల్లలు మాత్రము అట్లే యున్నవి.

ఈ మూడు సందర్భములలో ఎవరి మనస్తాపము న్యాయమైనదో తేల్చుటకు మేము పూనుకొనలేదు. మూడింటను కొంత న్యాయము కలదు. ఒక పక్షము గుర్తుపై గెలిచినవానిని తెచ్చి ఇంకొక పక్షము మంత్రిని జేయుట ధర్మము కాదు. ఇంటనున్న స్త్రీల పేర్లు సభలోనికి లాగుట అంతకంటెను అధర్మము. అయితే శాసనసభ్యుడు సభకు పోవుట తన గౌరవముకొరకు గాక, తన్ను పంపినవారి పనికొరకు గదా! న్యాయాధిపతి తన్ను గౌరవింపలేదని కోపగించి వకీలు కోర్టుకు పోవుట మానినచో, వ్యాజ్యము ఓడునది వకీలు కాదు, కక్షిదారుడు. ఆ కక్షిదారు డెట్టివాడో చూడగోరువారు కణేకల్ వరకు రావలెను.

కణేకల్ రాయదుర్గము నియోజకవర్గములోనిది. పూర్వము బళ్లారి జిల్లాలోని రాయదుర్గము తాలూకాకు జేరియుండి, ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు ఆ తాలూకాతోగూడ మనవైపునకు వచ్చినది. నేటికిని అచ్చట సంతలో తెలుగును కన్నడమును రెండును వినబడును. ప్రక్కనే వేదవతి. హగరియని జనులు పిలుచు ఆ నది సంవత్సరములో అధికభాగము ఇసుకగానే యుండును. ఎగువన కన్నడదేశమున వాణీవిలాస సాగరము, ఇవతల గుమ్మగట్ట మండలమున భైరవానితిప్ప జలాశయము. ఆ రెండును దాటి నీరు దిగివచ్చుట అరుదు. నైరృతి గాలులు వీచు నెలలలో ఆ ఇసుక లేచి కణేకల్, బొమ్మనహాళ్ మండలముల పొలములపై దిబ్బలుగా పడుచుండును. ఒక తరమువారు దున్నిన చేను తరువాతి తరమువారికి మేటగా మిగిలినచోట్లు కలవు. జిల్లా సగటు వర్షపాతము 550 మిల్లిమీటర్ల ప్రాంతమున నున్నది. అదియు రావలసిన వేళకు వచ్చునని నమ్మకము లేదు.

ఇట్టిచోట పచ్చని వరిచేలు కనబడుటకు కారణము తుంగభద్ర ఎగువ కాలువ, ఆ నీటితో నిండు కణేకల్ చెరువు. కన్నడ సరిహద్దు దాటిన ఎగువ కాలువ మొదట తడుపునది ఈ ప్రాంతమునే. కావున తుంగభద్ర జలాశయములో ఎన్ని టి.ఎం.సి.ల నీరున్నదను ప్రశ్న కణేకల్ రైతునకు బియ్యము ధరవలె ఇంటి ప్రశ్న. 1945 ఫిబ్రవరి 28న ఒక గట్టున మద్రాసు గవర్నరును, ఇంకొక గట్టున నైజాముపక్షమున బీరారు యువరాజును శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్ట 1953 నాటికి సిద్ధమైనది. అప్పటి నిలువ సామర్థ్యము 133 టి.ఎం.సి.లు. 2016లో కొలిచి చూడగా 105కు పైచిలుకుగా తేలినది. అనగా ఆరు పదుల సంవత్సరములలో సుమారు 27 టి.ఎం.సి.ల చోటును పూడికయే ఆక్రమించినది. బచావత్ న్యాయాధికరణపు తీర్పులో ఎగువ కాలువమీద ఆంధ్రప్రదేశమునకు దక్కిన వాటా 32.5 టి.ఎం.సి.లు. ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినవారికి, మన వాటా కాగితముమీద చెక్కుచెదరకయుండియు కాలువలో ఏల చిక్కిపోవుచున్నదో వేరుగా జెప్ప నక్కరలేదు.

దీనికి ఏమి చేయవలెను? కన్నడ ప్రభుత్వమువారు నవలి వద్ద మఱియొక జలాశయము కట్టుదమనుచున్నారు. వఱదకాలమున నీటిని తీసికొని వచ్చుటకు ఎగువ కాలువకు సమాంతరముగా ఇంకొక కాలువ త్రవ్వవలెనని మనవారు చిరకాలముగా కోరుచున్నారు. పూడిక తీయుదమనువారు కొందఱు. తీసిన మట్టిని ఎచ్చట పోయుదురని అడుగువారు కొందఱు. ఈ యుపాయములలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఖర్చు, ఒక్కొక్క లాభము, ఒక్కొక్క ప్రతివాది కలరు. గంగావతి, సిరుగుప్ప రైతుల యభ్యంతరము లొకరకము. రాజోలిబండక్రింది తెలంగాణమువారివి ఇంకొక రకము. మూడు రాష్ట్రముల శాసనసభలు నెలలతరబడి వాదించుకొనదగిన విషయ మిది. 2024 ఎన్నికల వేదికలపై దీనికి దక్కిన కాలమెంత? పక్షనాయకుల యుపన్యాసములలో మేము విన్నవాటిలో, చదివినవాటిలో, ఎదుటివాని పుట్టుపూర్వోత్తరములకు దక్కినదానిలో పదియవ వంతైనను పూడికకు దక్కలేదు.

అదే సంవత్సరము ఆగస్టు 10వ తేదీ రాత్రి ఆ జలాశయపు 33 గేట్లలో 19వది గొలుసు తెగి కొట్టుకొనిపోయినది. నిండిన జలాశయమునుండి రాత్రింబగళ్లు నీరు నదిపాలయినది. వారము తిరుగకముందే కన్నయ్యనాయుడుగారి నాయకత్వమున, పారు నీటిలోనే తాత్కాలికపు అడ్డుపలకలు దింపి దానిని నిలిపిరి. తెలుగువాడైన వృద్ధ యింజనీరు ఒకడు చేసిన ఈ పనిని ఎంత మెచ్చుకొన్నను తక్కువయే. కాని ఆ వారము దినములలో కన్నడదేశమున పక్షములు చేసిన పని యేమి? నేరము నీదనిన నీదని వాదులాడుకొనుట. డెబ్బదియేండ్ల నాటి గొలుసును ఎవరెప్పుడు పరీక్షించిరి, పరీక్షించినవారి నివేదిక యెచ్చట నున్నది, దానిపై ఎవరు సంతకము చేసిరి యను ప్రశ్నలు యింజనీర్లకు విడిచిపెట్టబడినవి. మనవైపున, కాలువక్రింద బ్రదుకువారి పక్షముననైనను ఆ ప్రశ్నలు గట్టిగా అడుగవలసినవారు అడిగిరా?

ఇంకొక ప్రశ్న కలదు. అది మా పాఠకులలో చాలమందికి రుచింపదు. కాలువ మొదట వరి నాటినచో కాలువ చివరనున్నవానికి వేరుసెనగ తడికైనను నీరు మిగులునా? అనంతపురము పట్టణమునకు, దూరపు గ్రామములకు త్రాగునీటి భారమును కొంత ఈ కాలువమీదనే పడుచున్నది. మొదటనున్న రైతు, ‘నా పొలము నల్లరేగడి, నీరు నిలుచును, వరి తప్ప వేరు దానికి మార్కెట్టు లేదు’ అనును. చివరనున్న రైతు, ‘నాకు వాటా కలదు, నీరు లేదు’ అనును. ఇద్దఱి మాటలోను సత్యము కలదు. ఇట్టి చిక్కును విప్పుటకే గదా మనుష్యులు సభలు చేయుట! కాని రెండు చివరలను వోట్లున్నవి గనుక ఏ పక్షమువాడును ఈ మాట యెత్తడు. మొదట మాటలాడునప్పుడు మొదటివారికి, చివర మాటలాడునప్పుడు చివరివారికి ఒకే నీటిని వాగ్దానము చేసి పోవును. వాగ్దానములు చేసిన రెండు సభలును ఒకటే రోజున జరుగును. ఆ రెండింటను ఉన్నవాడు మాత్రము అతడొక్కడే.

ఇది నీటికి మాత్రమే పట్టిన దుర్గతి కాదు. ఇదే జిల్లాలో నార్పల మండలము బండ్లపల్లెలో 2006 ఫిబ్రవరి 2వ తేదీన ప్రధానమంత్రి మన్మోహనసింగుగారు గ్రామీణ ఉపాధి హామీ పథకమును ప్రారంభించిరి. ఆ చట్టమునకు మూలమైన బిల్లు 2004 డిసెంబరులో పార్లమెంటుముందు పెట్టబడినది. మొదటి రూపమున అది పేద కుటుంబములకు మాత్రమే పరిమితమై యుండెను. స్థాయీసంఘము దానిని నెలలతరబడి పరీక్షించెను. ప్రభుత్వపక్షమునకు వెలుపలివారి వాదములు వినబడినవి. తుదకు 2005 ఆగస్టులో ఆమోదము పొందునప్పటికి, పని కోరిన ఏ గ్రామీణ కుటుంబమునకైనను వర్తించునట్లు విస్తరించినది. బిల్లు పెట్టినవారు మొదట తలచినదానికంటె చర్చలో తేలినది మేలైనదిగా నుండెను. ఆ మేలును బండ్లపల్లె, కణేకల్ కూలివాండ్రు ఇరువది యేండ్లు అనుభవించిరి.

2025 డిసెంబరులో ఆ చట్టము స్థానమున వేఱొక చట్టము వచ్చినది. బిల్లు 16వ తేదీన ప్రవేశపెట్టబడినది. 18వ తేదీన లోక్‌సభలో నెగ్గినది. ఆ యర్ధరాత్రి దాటినంతలో రాజ్యసభలోను నెగ్గినది. స్థాయీసంఘమునకు పంపుడని ప్రతిపక్షమువారు కోరిరి, పంపలేదు. కాగితములు చింపి విసరుట, కేకలు, వెళ్లిపోవుట — ఇది ప్రతిపక్షము చేసినది. కొత్త చట్టమున పనిదినములు 100నుండి 125కు పెరిగినవి. అది కూలివానికి మేలు. కూలిలో రాష్ట్రములు నూటికి 40 వంతులు భరింపవలెనను నియమము వచ్చినది. అప్పులలోనున్న మన రాష్ట్రమునకు ఇది ఎంత భారమో లెక్క కట్టవలసిన పని. విత్తనములు వేయు కాలమునను కోతకాలమునను 60 దినములవరకు ఈ పనులను ఆపవచ్చునను ఏర్పాటును కలదు.

ఈ చివరి యంశమున మా పాఠకులైన భూస్వాములకు మక్కువ యుండుట సహజము. అదను వేళ కూలి దొరకుట లేదని వారు చిరకాలముగా మొరపెట్టుకొనుచునేయున్నారు. కాని ఆ 60 దినములును కూలివాని బేరమాడు శక్తిని తగ్గించునవి గావా యను ప్రశ్నను కూలివాని పక్షమున అడుగువారు ఉండవలెను. దానికి భూమిగలవాడు ముఖాముఖి బదులు చెప్పవలెను. అట్టి సంభాషణ కణేకల్‌లో జరుగలేదు, ఢిల్లీలోను జరుగలేదు. చట్టము మంచిదో చెడ్డదో మేము నేడు తీర్పు చెప్పుట లేదు. ఎనిమిది నెలలు పరీక్షింపబడి పుట్టిన చట్టమును మూడు దినములలో తీసివేయుట యేమి పద్ధతియని మాత్రము అడుగుచున్నాము. భూమి అమ్ముకొనువాడుకూడ దస్తావేజు చదువుటకు ఇంతకంటె ఎక్కువ కాలము తీసికొనును.

సాగుచట్టముల సంగతి రైతులు మఱచియుండరు. 2020 సెప్టెంబరు 20న రాజ్యసభలో విభజన కోరినవారుండగనే మూజువాణి వోటుతో నెగ్గినవి. ఏడాదికిపైగా ఢిల్లీ పొలిమేరలలో రైతులు కూర్చుండిన పిదప, 2021 నవంబరు 29న రద్దయినవి. ఆ రద్దుపైనను చర్చ జరుగలేదు. వచ్చునప్పుడు వినలేదు, పోవునప్పుడు వినలేదు.

పదునేడవ లోక్‌సభ అయిదేండ్లలో కూర్చుండిన దినములు 274. పూర్తికాలము నడచిన లోక్‌సభలలో ఇంత తక్కువగా కూర్చుండినది వేఱొకటి లేదు. మొదటి లోక్‌సభ 677 దినములు కూర్చుండెను. బిల్లులలో మూడింట ఒక వంతునకు మించినవి గంటకు లోపలి చర్చతో దాటిపోయినవి. 2009–14 నడుమ నూటికి 71 బిల్లులు సంఘముల పరీక్షకు పోగా, పదునేడవ సభలో పోయినవి 16. అయిదేండ్లును ఉపసభాపతి లేకయే గడచినవి. 2023 డిసెంబరులో ఉభయసభలనుండి 146 మంది సభ్యులను వెలుపల నిలిపిరి. అనంతపురము జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డిగారు 1967లో లోక్‌సభాపతి కాగానే తమ పక్షసభ్యత్వమునకు రాజీనామా యిచ్చిరి. ఆ పీఠమున కూర్చుండువాడు ఏ పక్షమువాడును కాడని చూపుటకు అంత చేసినవాడు మన ప్రాంతమువాడని చెప్పుకొనుటకు మాకు గర్వముగా నున్నది. తరువాత వచ్చినవారు దానిని అనుసరింపలేదని చెప్పుటకు మాత్రము సిగ్గుగా నున్నది.

పూర్వము సర్వము శుద్ధముగా నుండెననియు నేడే చెడినదనియు వాపోవుట పెద్దవాండ్ర స్వభావమని కొందఱు నవ్వవచ్చును. నవ్వదగినంత నిజము అందులో కలదు. తెలుగువారి పాతవాదములన్నియు పూలదండలు కావు. తిరుపతి వేంకటకవులకును వేంకట రామకృష్ణ కవులకును జరిగిన కలహము ‘గీరతము’ పేర గ్రంథమై నిలిచియున్నది. దానిలోని తిట్లు చదివినవారికి నేటి టెలివిజనులో కూర్చుండువారు శిష్యప్రాయులుగా దోచుదురు. ఎన్నికల సభలలో రాళ్లు పడుట కొత్త కాదు. రాయలసీమ ముఠాకక్షలలో వాదమునకు బదులు బాంబు పలికిన దినములను మా పాఠకులు కన్నులార చూచినవారే.

అయినను ఒక భేదము కలదు. గిడుగు రామమూర్తి పంతులుగారు వ్యావహారిక భాషకొరకు పోరాడునపుడు ప్రతిపక్షపు పండితుల వ్రాతలనే తెచ్చి, వారి నియమములను వారే ఎచ్చటెచ్చట తప్పిరో చూపిరి. అనగా ఆయన ప్రతిపక్షమును చదివిరి. చదువక యెదిరించుట ఆయనకు తెలియదు. (ఆ వాదమున ఓడిన పక్షపు భాషలోనే మేమీ వ్యాసము వ్రాయుచున్నామని గమనించి నవ్వుకొను పాఠకులతో మేమును నవ్వుదుము.) 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావుగారి శ్రీబాగు గృహమున సర్కారువారును రాయలసీమవారును కూర్చుండినపుడు ఒకరిపై ఒకరికి నమ్మకము మెండుగా లేదు. నమ్మకము లేకపోవుటచేతనే కూర్చుండిరి. కడప కోటిరెడ్డిగారు, కల్లూరు సుబ్బారావుగారు ఈ వైపు. కొండ వేంకటప్పయ్యగారు, పట్టాభి సీతారామయ్యగారు ఆ వైపు. ఉన్నతన్యాయస్థానమో రాజధానియో, కృష్ణా తుంగభద్రా పెన్నలలో రాయలసీమకు, నెల్లూరునకు ముందు హక్కో — అంశము వెంట అంశముగ కాగితముపై బెట్టిరి. ఆ కాగితము తరువాత ఎంతవరకు అమలైనదను వివాద మట్లుండనిండు. తొంబదియేండ్లకు దగ్గరైనను రాయలసీమవాడు తన కోరికను చెప్పుకొనుటకు నేటికిని ఆ కాగితమునే చూపుచున్నాడు. నేటి నాయకుల ఏ యుపన్యాసమును తొంబదియేండ్ల తరువాత చూపుకొనదగి యున్నది?

రాజ్యాంగసభలో చిత్తుప్రతికి 7,635 సవరణలు ప్రతిపాదింపబడి, 2,473 చర్చకు వచ్చినవి. తరిమెల నాగిరెడ్డిగారు 1952లో తమ బావయైన సంజీవరెడ్డిగారిని అనంతపురమున ఓడించిరి. ఒక యింటివారు రెండు సిద్ధాంతములకు నిలిచి పోరాడిరి; ఆ పోరాటము సిద్ధాంతములమీదనే నడచినది. నాగిరెడ్డిగారు 1969లో శాసనసభవలన ప్రజలకు మేలు కలుగదని తలచి, దానిని విడిచిపోయిరి. సభను గూర్చి వారి తీర్పుతో మే మేకీభవింపము. కాని వారు సభలోనే నిలిచి, తామేల పోవుచున్నారో సభ్యుల ముఖముననే చెప్పి పోయిరి. నేడు సభకు రానివారు తమ కారణములను వెలుపల పత్రికలవారిని పిలిచి చెప్పుచున్నారు. అచ్చట ఎదురు ప్రశ్న వేయు అధికారము ఎదుటి పక్షమునకు లేదు గదా!

ఈ మార్పునకు కారణమేమి? మనుష్యులు చెడిపోయిరనుట సులభము. మేము ఏర్పాటులలో వెదకుచున్నాము. 1954 నవంబరులో కర్నూలు సభలో ప్రకాశము పంతులుగారి ప్రభుత్వము ఒక్క వోటుతో పడిపోయినది. ఆ ఒక్కడు ఎటు చేయి యెత్తునో లెక్క ముగియువరకు తెలియదు. కనుకనే ఆనాడు మాటలాడువానికి మాటలాడుటవలన ఫలము కలదు, వినువాడు మారవచ్చును. 1985లో ఫిరాయింపులను నిషేధించుచు రాజ్యాంగమును సవరించిరి. పదవికొరకు పక్షములు మార్చు వ్యాధిని మాన్పుటకు తెచ్చిన ఆ మందు ఆ వ్యాధిని మాన్పలేదు. పైగా పక్షపు విప్పు ఏది చెప్పిన దానికి చేయి యెత్తుట తప్ప సభ్యునకు వేరు గతి లేకుండ జేసినది. ఎదుటివాడు ఎంత చక్కగా వాదించినను వోటు మారనపుడు వాడు సభలోనివారిని ఉద్దేశించి ఏల మాటలాడును? కెమెరాను ఉద్దేశించి మాటలాడును. కెమెరాకు హేతువుకంటె కేక రుచి. ఆ కేక అరనిమిషపు తునకయై రాత్రికి వాట్సాపులో కణేకల్ చేరును. దానిలో నీటి లెక్క యిమడదు. తిట్టు ఇముడును. ప్రభుత్వము పడిపోవు తీర్మానములకు, ఆదాయవ్యయ పట్టికకు మాత్రమే విప్పును పరిమితముచేసి, తక్కినవాటిలో సభ్యుని బుద్ధికి విడిచిపెట్టవలెనని మా యభిప్రాయము.

పత్రికలును టెలివిజనును ఇందులో తమ భాగము తాము నిర్వహించుచున్నవి. ఏ పత్రిక ఏ పక్షముదో మొదటి పుట చూడకయే చెప్పగల స్థితి తెలుగుదేశమున నెలకొన్నది. 1908లో గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు ‘స్వరాజ్య’ పత్రికలోని వ్రాతకు మూడేండ్లు చెరసాలకు పోయిరి. ఆనాటి పత్రిక ప్రభుత్వమునకు ప్రతిపక్షము. నేటిది ప్రతిపక్షమునకో పాలకపక్షమునకో తోక.

ఈ జాడ్యము మనదొక్కరిదే కాదు. అమెరికాలో 1858లో లింకను, డగ్లసు ఇల్లినాయిలో ఏడుచోట్ల వాదించిరి. మొదటివాడు గంట, రెండవవాడు గంటన్నర, తిరిగి మొదటివాడు అరగంట. బానిసత్వమను ఒక్క ప్రశ్నమీద మూడు గంటలు రైతులు నిలుచుండి వినిరి. అదే దేశమున 2020 సెప్టెంబరు 29న ట్రంపు, బైడెను కలిసి మాటలాడినపుడు ఒకరి మాట ఒకరు తెంచివేయుట యెంతవరకు పోయినదనగా, తరువాతి సభలో ఒకరు మాటలాడునపుడు ఇంకొకరి మైకును ఆపివేయవలసివచ్చినది. మూడు గంటలు వినుట మనకు చేతగానిదా? పాండవోద్యోగ విజయముల నాటకమున రాయబారమును తెల్లవారువరకు వినినవారి మనుమలము మనము. కృష్ణుడు కౌరవసభకు పోయి, సంధి కుదరదని యెఱిగియు, పక్షము వెంట పక్షముగ తన వాదము వినిపించుటను చప్పట్లు కొట్టి మరల చదివించుకొన్న పల్లెలు మనవి. వినువారికి ఓపిక తగ్గినదనుమాట నాయకులు తమ సోమరితనమునకు కప్పుకొన్న దుప్పటి.

ఇక గ్రామములవైపు చూతము. 2021 పంచాయతీ ఎన్నికలలో, పోటీ లేక ఏకగ్రీవముగా ఎన్నుకొన్న గ్రామములకు జనాభాననుసరించి 5 లక్షలనుండి 20 లక్షల రూపాయల వరకు బహుమానము ఈయబడునని ప్రభుత్వము ప్రకటించినది. కక్షలు తగ్గునని దానికి చెప్పిన కారణము. రాయలసీమలో ఏకగ్రీవము ఎట్లు కుదురునో తెలియనివారికి ఆ కారణము ఇంపుగా నుండును. ఒకచోట పెద్దరెడ్డి చూపుతో కుదురును; ఇంకొకచోట గుడికి ఇంత చందాయని వేలముపాటలో కుదురును. నామినేషను వేయబోయినవాని యింటికి రాత్రి ఎవరో వచ్చి మాటలాడి పోయినపిదప కుదురుటయు కలదు. నిజముగా అందఱును ఒకమాటపై నిలిచిన ఊళ్లును లేకపోలేదు; వానికి బహుమానముతో పని లేదు. ఎన్నికలో వాదము జరుగకుండుటకు ప్రభుత్వమే ధనమిచ్చుట మేమెఱిగిన ప్రజాస్వామ్యములలో విచిత్రమైనది. 2024 డిసెంబరులో జరిగిన నీటిసంఘముల ఎన్నికలలోను ఏకగ్రీవమే పరమార్థమైనది. కాలువ మొదటివాడు, చివరివాడు ముఖాముఖి నిలువవలసిన చోటు అది యొక్కటే. అచ్చటను వాదము లేకుండ జేసితిమి.

2024 ఆగస్టు 23న రాష్ట్రములోని 13,326 పంచాయతీలలో ఒకే దినమున గ్రామసభలు జరిగినవి. సభ అనుమాట పల్లెలో మరల వినబడుట మాకు సంతోషమే. కాని ఒకే నాడు అన్నిచోట్ల జరిగిన సభలో, అధికారి పనుల పట్టిక చదువుట, జనులు చేతులెత్తుట, ఫోటో తీయుట తప్ప ఎంత చర్చకు అవకాశముండును? ఒకడు లేచి, ‘ఈ పని వద్దు, ఆ పని కావలెను, ఏలయన...’ అని మొదలుపెట్టినచో ఆ ‘ఏలయన’ తరువాతి మాటలు సభావివరముల పుస్తకములో చేరవలెను. అట్లు చేరిన పుస్తకమును మాకు ఎవరైన చూపినయెడల దానిని సంతోషముతో ప్రకటింతుము.

రాబోవు ఖరీఫునకు ముందు జిల్లా సాగునీటి సలహామండలి కూర్చుండును. ఎగువ కాలువకు ఎన్ని దినములు నీరు, ఏ పంటకు నీరు, త్రాగుటకు ఎంత నిలువ యనునవి అచ్చట తేలును. ఆ సమావేశపు నిర్ణయములను వానికి చెప్పిన కారణములతోగూడ తెలుగున అచ్చువేయించి కణేకల్ చెరువు ఆయకట్టువారికిని, కాలువ చివరి గ్రామములవారికిని వారము ముందుగనే అందజేయవలెనని మేము కోరుచున్నాము. పిదప ఆ ఇరువురను ఒకచోట కూర్చుండబెట్టి ఒక దినమంతయు వాదించుకొననీయవలెను. నియోజకవర్గపు శాసనసభ్యుడు, 2024లో అతనితో పోటీచేసి ఓడినవాడు, ఇద్దఱును ఆ సభలో మొదటినుండి చివరవరకు కూర్చుండవలెను. వారికి కణేకల్ రైతులు వేయవలసిన ప్రశ్నలు మూడు మేము వ్రాసి యిచ్చుచున్నాము. పూడికచేత తగ్గిన 27 టి.ఎం.సి.లలో మన కాలువ కోల్పోయినదెంత? సమాంతర కాలువ, నవలి జలాశయము — రెండింటిలో నీవు దేనివైపు, ఏ లెక్కతో? నీరు చాలని ఏట కణేకల్‌లో వరి నాటవలెనా వద్దా, ఈ మాటనే కాలువ చివరకు పోయియు చెప్పుదువా?